మైనారిటీ సెల్ పదవి తీసుకోవచ్చా? గోదావరి డెల్టాలో పార్టీలు ముస్లిం కార్యకర్తకిచ్చే సర్వీసుపై రివ్యూ

పెద్ద పార్టీలు ముస్లిం కార్యకర్తకి ఇస్తామనే ప్రాతినిధ్యాన్ని ఒక సర్వీసు అనుకుంటే, గోదావరి డెల్టాలో అది మూడు సైజుల్లో దొరుకుతుంది. పార్టీ అనుబంధ విభాగమైన మైనారిటీ సెల్‌లో పదవి, మండల పరిషత్‌లో కో-ఆప్షన్ (గెలిచిన సభ్యులు ఎన్నుకుని చేర్చుకునే) సభ్యత్వం, వార్డుకో ఎంపీటీసీ (మండల పరిషత్ సభ్యుడి) స్థానానికో పార్టీ గుర్తునిచ్చే బి-ఫారం. మొదటిది అడిగితే ఇస్తారు. రెండోది తిరిగితే ఇస్తారు. మూడోది లెక్క చూపిస్తే తప్ప ఇవ్వరు. ఖర్చూ శ్రమా అదే వరసలో పెరుగుతాయి, పనితనం కూడా అంతే.

పార్టీవారీగా మార్కులు వేయడం లేదు. కండువా రంగు మారినా కౌంటర్ వెనక పద్ధతి దాదాపు ఒకటే. తేడా ఉన్నచోట చెప్తాం.

అసెంబ్లీ టికెట్ ఈ సర్వీసులో లేదు

ఆశపడే వాళ్లుంటారు కాబట్టి ఇది ముందే తేల్చేయాలి. 2011 జనాభా లెక్కల్లో ఇప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రాంతంలో ముస్లింలు ఏడు శాతం పైచిలుకు. ఉమ్మడి తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో మాత్రం రెండు శాతానికి అటూ ఇటూ. రెండు లక్షల ఓట్ల నియోజకవర్గంలో అది నాలుగైదు వేలకి మించదు. గెలుపోటముల తేడాని కదిలించడానికి ఆ ఓటు సరిపోవచ్చు, టికెట్ అడగడానికి చాలదు.

రాష్ట్రంలో ముస్లిం ఎమ్మెల్యేలు ఎక్కడినుంచి వచ్చారో చూడండి. 2014లో వైసీపీ నుంచి నలుగురు: కడప, కదిరి, గుంటూరు తూర్పు, విజయవాడ పశ్చిమ. 2019లోనూ ఆ పార్టీ నుంచే నలుగురు: కడప, కర్నూలు, మదనపల్లె, గుంటూరు తూర్పు. 2024లో తెలుగుదేశం నుంచి ముగ్గురు: నంద్యాల, మదనపల్లె, గుంటూరు తూర్పు. ఈ మూడు జాబితాల్లోనూ గోదావరి జిల్లాల ఊరు ఒక్కటీ లేదు. 2014లో గెలిచిన తెలుగుదేశంలో ముస్లిం ఎమ్మెల్యే ఒక్కరూ లేకపోవడంతో మంత్రివర్గంలో ఆ చోటు 2018 నవంబర్ దాకా ఖాళీగానే ఉంది. చివరికి శాసనమండలి నుంచి ఎన్.ఎం.డి. ఫరూక్‌ని తీసుకున్నారు. ఎమ్మెల్యేలు లేనప్పుడు మండలే దారి అన్నది అక్కడే తేలింది.

కోనసీమలో ఇంకో అడ్డు ఉంది. అమలాపురం, రాజోలు, పి.గన్నవరం అసెంబ్లీ స్థానాలు మూడూ ఎస్సీ రిజర్వుడు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధులకే. ఆ మూడు చోట్లా ముస్లిం పేరు పరిశీలనకి కూడా రాదు. పైగా పొత్తు. 2024లో నరసాపురం, భీమవరం, తాడేపల్లిగూడెం, నిడదవోలు, పిఠాపురం జనసేనకి వెళ్లాయి. అక్కడి తెలుగుదేశం మైనారిటీ నాయకుడికి సొంత పార్టీ తరఫున నియోజకవర్గం చూసే ఇన్‌ఛార్జ్ ఒకరు, ఎమ్మెల్యే మరొకరు. అర్జీ ఒకరికిస్తే రెండోవారికి కోపం.

మైనారిటీ సెల్: దొరకడం తేలిక, పనిచేయడం కష్టం

సెల్ పదవికి ఎన్నిక ఉండదు. మండల, పట్టణ స్థాయిలో పేరు సూచించేది నియోజకవర్గ ఇన్‌ఛార్జ్ లేదా ఎమ్మెల్యే. జిల్లా కార్యాలయం దాన్ని ప్రకటిస్తుంది. అంటే సెల్ అధ్యక్షుడు ముస్లింల తరఫున ఇన్‌ఛార్జ్ దగ్గరకి వెళ్లే మనిషి అని పేరే గానీ, ఇన్‌ఛార్జ్ తరఫున ముస్లింల దగ్గరకి వచ్చే మనిషిగా పనిచేస్తాడు. పదవి ఇచ్చినవాడి మాట కాదంటే పదవి పోతుంది. ఈ సర్వీసులో ఉన్న అసలు తయారీ లోపం ఇదే. మనిషిని మార్చినంత మాత్రాన పోయేది కాదు.

అందుకే పదవి తీసుకునే ముందు రెండు విషయాలు అడగాలి. మొదటిది, నియామకం కాగితం మీద వస్తుందా లేదా. ఫ్లెక్సీ మీద పేరు, వాట్సాప్ గ్రూపులో అభినందనలు నియామకం కావు. జిల్లా అధ్యక్షుడి సంతకంతో, తేదీతో, కాలపరిమితితో ఉత్తర్వు ఉండాలి. లేకపోతే ఇన్‌ఛార్జ్ మారిన రోజునే కొత్త అధ్యక్షుడు పుట్టుకొస్తాడు. ఒకే పట్టణంలో ఇద్దరు అధ్యక్షులు రెండు లెటర్‌హెడ్‌లు పట్టుకుని తిరగడం డెల్టాలో అందరికీ తెలిసిన వినోదమే.

రెండోది, సెల్ అధ్యక్షుడికి ప్రధాన మండల కమిటీలో కూడా చోటుందా. దీని దగ్గరే సర్వీసు విలువ తేలిపోతుంది. అభ్యర్థుల పేర్లు, బూత్ ఇన్‌ఛార్జ్‌లు, ఎన్నికల ఖర్చు అన్నీ ప్రధాన కమిటీలో తేలతాయి. అనుబంధ విభాగానికి ఆ గదిలో కుర్చీ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. పెళ్లిలో వడ్డించడానికి పిలిచి పంక్తిలో కూర్చోబెట్టనట్టు ఉంటుంది వ్యవహారం.

రోజువారీ పని చూస్తే సెల్ నిజానికి అర్జీల కౌంటర్. ఇమాముల నెలకి 10,000 రూపాయల, మౌజన్‌ల 5,000 రూపాయల గౌరవ వేతనం ఆగిందా, ఖబరస్తాన్ గోడ కూలిందా, షాదీఖానా బిల్లు మంజూరైందా, పింఛను పేరు తప్పిందా. ఈ పని చిన్నది కాదు, ఊళ్లో మనిషికి గుర్తింపు తెచ్చేది ఇదే. అయితే సంతకం పెట్టే అధికారం సెల్‌కి లేదు. అర్జీ ఎమ్మెల్యే పీఏ దగ్గరకి వెళ్లాలి, అక్కడినుంచి మైనారిటీ సంక్షేమ శాఖకో వక్ఫ్ బోర్డుకో. ఆరు నెలలు తిరిగాక పని జరిగితే పేరు ఎమ్మెల్యేది, జరగకపోతే తిట్లు సెల్ అధ్యక్షుడివి. ఇక రంజాన్ నెలలో, ఎన్నికల ముందు నెలలో సెల్‌కి ఉండే గిరాకీ మిగతా కాలంలో ఉండదు. ఇఫ్తార్ ఖర్చు ఎవరిదో విందుకి ముందే తేల్చుకోవడం మంచిది.

పార్టీల తేడా ఇక్కడ కొంత కనిపిస్తుంది. బీజేపీలో మైనారిటీ మోర్చా ఏడు మోర్చాల్లో ఒకటి. మిస్డ్ కాల్‌తో సభ్యత్వం వస్తుంది గానీ క్రియాశీల సభ్యుడు కావాలంటే 50 మందిని చేర్పించాలి. ముస్లిం కార్యకర్తకి డెల్టా పల్లెల్లో అది గట్టి పరీక్షే. తెలుగుదేశం 2024 అక్టోబర్‌లో మొదలుపెట్టిన సభ్యత్వ నమోదులో రుసుము 100 రూపాయలు, దానికి 5 లక్షల ప్రమాద బీమా జోడించారు. జనసేన క్రియాశీల సభ్యత్వానికి 500 రూపాయలు, అక్కడా ప్రమాద బీమా 5 లక్షలు. సెల్ పదవి వచ్చినా రాకపోయినా ఈ బీమా మాత్రం కుటుంబానికి పనికొస్తుంది. అయితే నామినీ పేరు, ఆధార్ స్పెల్లింగ్ సరిచూసుకోవాలి. ‘షేక్’ ముందు రావడం, వెనక రావడం, ‘ఎస్.కె.’ అని రావడం వల్ల క్లెయిమ్‌లో పేచీలొస్తాయి. వైసీపీ 2023లో గృహ సారథులు (ఇళ్లు పంచుకుని చూసే కార్యకర్తలు), సచివాలయ కన్వీనర్ల వ్యవస్థ పెట్టింది. మసీదు వీధిలో గృహ సారథిగా పనిచేసినవాడికి, సెల్ కార్యదర్శికన్నా ఏ ఇంట్లో ఎన్ని ఓట్లున్నాయో బాగా తెలుసు. ఆ జ్ఞానం తర్వాత ఏ పార్టీలోకి వెళ్లినా వెంట వస్తుంది. సీపీఎంకి ఇలాంటి సెల్ లేదు, దాని దగ్గరున్న ‘ఆవాజ్’ వేదిక సమస్యల మీద ధర్నాలు చేస్తుంది గానీ పదవులు పంచదు.

ఒత్తిడిలో సెల్ ఎలా పనిచేస్తుందో రెండు సందర్భాలు చూపించాయి. 2019 డిసెంబర్‌లో పౌరసత్వ సవరణ బిల్లుకి పార్లమెంటులో తెలుగుదేశం, వైసీపీ రెండూ ఓటేశాయి. 2025 ఏప్రిల్‌లో వక్ఫ్ సవరణ బిల్లుని తెలుగుదేశం, జనసేన సమర్థించాయి, వైసీపీ వ్యతిరేకించింది. తెలుగుదేశం సంయుక్త పార్లమెంటరీ సంఘం దగ్గర కొన్ని మార్పులు చేయించామని చెప్పుకుంది. ఏ నిర్ణయం సరైనదన్నది ఈ రివ్యూ పని కాదు. ఊళ్లో సెల్ అధ్యక్షుడు శుక్రవారం నమాజు తర్వాత జవాబు చెప్పాల్సి వచ్చినప్పుడు అతని చేతిలో పార్టీ ఇచ్చిన కాగితం ఉందా, నిర్ణయానికి ముందు అతని మాట పైకి వెళ్లే దారి ఉందా అన్నదే ఇక్కడ ప్రశ్న. సెల్ నిర్మాణంలో కిందనుంచి పైకి అభిప్రాయం వెళ్లే మెట్టు లేదు. పైనుంచి వచ్చినది మోయడమే.

సెల్ పదవికి మా మార్కులు ఐదుకి రెండు. ప్రధాన కమిటీలో కుర్చీతో కలిపి ఇస్తే మూడున్నర.

కో-ఆప్షన్: ఓటు లేని కుర్చీ, అయినా

మండల పరిషత్‌లో మైనారిటీల నుంచి ఒకరిని, జిల్లా పరిషత్‌లో ఇద్దరిని కో-ఆప్ట్ చేసుకోవాలని 1994 పంచాయతీరాజ్ చట్టం చెప్తోంది. మున్సిపాలిటీల్లోనూ మైనారిటీలకి కో-ఆప్షన్ ఉంది. గోదావరి డెల్టాలో సగటు మండలంలో ముస్లిం పేరు పాలకవర్గం బోర్డు మీద కనిపించేది తరచుగా ఈ ఒక్క చోటే. అందుకే ఈ సీటు కోసం పార్టీలో లోపల జరిగే పోటీ, బయట ఎంపీటీసీ ఎన్నికకి ఏమాత్రం తీసిపోదు.

అర్హత చిన్నదే. ఆ మండలంలో ఓటరై ఉండాలి, 21 ఏళ్లు నిండాలి, మైనారిటీ వర్గానికి చెందాలి. ఎన్నుకునేది ఎంపీటీసీలు, చేతులెత్తి. జరిగేది ఎంపీపీ (మండల పరిషత్ అధ్యక్షుడు) ఎన్నిక రోజునే. 2021లో మండల పరిషత్‌లకి సెప్టెంబర్ 24న, జిల్లా పరిషత్‌లకి 25న జరిగింది. ఆ రోజు వరస ఇలా ఉంటుంది: ఉదయం పది గంటల్లోపు కో-ఆప్షన్ నామినేషన్ పడాలి, పరిశీలన, ఉపసంహరణ అయ్యాక ఒంటిగంటకి సమావేశం మొదలవుతుంది, కో-ఆప్షన్ ముగిశాక మూడు గంటలకి ఎంపీపీ ఎన్నిక. పది దాటితే ఎంత పెద్ద నాయకుడు ఫోన్ చేసినా నామినేషన్ తీసుకోరు. చాలామంది అభ్యర్థిత్వం పోయేది ఇక్కడే. ఎంపీటీసీలు క్యాంపు నుంచి పదకొండుకి బస్సు దిగుతారు, ప్రతిపాదించాల్సిన సభ్యుడు కూడా ఆ బస్సులోనే ఉంటాడు. కాబట్టి ప్రతిపాదించే ఎంపీటీసీ సంతకం ముందురోజు రాత్రికే కాగితం మీద ఉండాలి.

డెల్టాలో అసలు చిక్కు ‘మైనారిటీ’ అనే మాట వెడల్పులో ఉంది. ముస్లిం మాత్రమే కాదు, క్రైస్తవులు, జైనులు, సిక్కులు, తెలుగు కాని భాష మాట్లాడే వాళ్లు కూడా ఈ లెక్కలోకి వస్తారు. కోనసీమలో, పశ్చిమ డెల్టాలో క్రైస్తవ ఓటు ముస్లిం ఓటుకన్నా పెద్దది. ఇన్‌ఛార్జ్ లెక్కలో కో-ఆప్షన్ సీటు ముస్లింకిస్తే నాలుగు వందల ఓట్లు, పాస్టరు గారికిస్తే రెండు వేల ఓట్లు. ముస్లిం కార్యకర్త చెప్పుకోగలిగిన మాట ఒకటుంది: క్రైస్తవుల్లో ఎస్సీ ధ్రువపత్రం ఉన్నవారు మైనారిటీ కోటాలో నామినేషన్ వేస్తే సొంత ధ్రువపత్రానికే ఎసరు. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి మారినవారు బీసీ-సి కిందికి వస్తారు. అలా మారినవారికి ఎస్సీ హోదా ఉండదని కోర్టులు కూడా గట్టిగా చెప్పాయి. అందువల్ల వాళ్లే వెనక్కి తగ్గుతారు. ఇది బెదిరింపుగా వాడకూడదు, లెక్కగా చెప్పాలి. రెండు వర్గాలు తగవు పడితే మధ్యలో పట్టణం నుంచి ఒక వ్యాపారి భాషా మైనారిటీ ధ్రువపత్రంతో వచ్చి కూర్చుంటాడు.

గెలిచాక ఏం దొరుకుతుంది? ఎంపీపీని ఎన్నుకునే ఓటు లేదు. అవిశ్వాసంలో ఓటు లేదు. అందుకే ఎన్నిక సాయంత్రానికే క్యాంపు మర్యాదలు ఆగిపోతాయి. సర్వసభ్య సమావేశంలో కూర్చునే హక్కు, మాట్లాడే హక్కు ఉన్నాయి, దాన్ని వాడేవాళ్లు తక్కువ. సమావేశంలో శాఖలవారీగా అధికారులు నివేదిక చదువుతారు, విద్యాశాఖ వంతు వచ్చినప్పుడు ఉర్దూ ఉపాధ్యాయుడి ఖాళీ గురించి, గ్రామీణ నీటి సరఫరా వంతు వచ్చినప్పుడు దర్గా వీధి పైపు గురించి అడిగి, అది మినిట్స్‌లో రాయించుకోవాలి. నోటి మాట గాల్లో పోతుంది. మినిట్స్‌లో పడిన దాన్ని పట్టుకుని మళ్లీ సమావేశంలో ‘పోయినసారి ఇచ్చిన హామీ ఏమైంది’ అని అడగొచ్చు. ఆర్థిక సంఘం నిధుల్లో మండలానికి వచ్చే వాటాలో ఖబరస్తాన్ గోడో దారో పెట్టించాలంటే ప్రణాళిక తయారీకి ముందే ఎంపీడీవోకి రాతపూర్వకంగా ఇవ్వాలి. ఎంపీటీసీలు పంచుకున్నాక మిగిలేది ఏమీ ఉండదు. ఇంకో ముఖ్యమైన చెక్: ఖబరస్తాన్ భూమి రికార్డులో ఎవరి పేరున ఉందో, వక్ఫా, పోరంబోకా, గ్రామకంఠమా చూసుకోకుండా గోడ అడిగితే అంచనా దగ్గరే ఫైలు ఆగుతుంది.

ఈ సీటుకి రెండున్నర. సమావేశాలకి నోట్‌బుక్కుతో వెళ్లేవాడికి మూడు.

బి-ఫారం: ఖరీదైనది, పనిచేసేది

అసెంబ్లీలో చెల్లని లెక్క వార్డులో చెల్లుతుంది. అమలాపురం మున్సిపాలిటీలో 30 వార్డులు. ఒక వార్డులో 1,300 ఓట్లున్నాయనుకోండి. తొమ్మిది వందలు పోలై, ముగ్గురు గట్టిగా తలపడితే 350, 380 దగ్గర గెలుపు తేలుతుంది. అందులో మసీదు చుట్టుపక్కల 180 ఓట్లుంటే ఆ మనిషి ప్రధాన అభ్యర్థి. ఎంపీటీసీ పరిధి మూడు నాలుగు వేల జనాభా, అక్కడ కొంచెం కష్టం. సర్పంచ్, పంచాయతీ వార్డులకి పార్టీ గుర్తు ఉండదు కాబట్టి బి-ఫారం బెడద లేదు. పార్టీలో పట్టు లేని ముస్లిం కార్యకర్త మొదట పోటీ చేయాల్సింది పంచాయతీ వార్డుకే. ఆ గెలుపే తర్వాత ఇన్‌ఛార్జ్ ముందు పెట్టే లెక్క.

ఇక్కడ అన్నిటికన్నా పెద్ద ఆయుధం బీసీ ధ్రువపత్రం, పెద్ద ప్రమాదం కూడా అదే. 2007 చట్టం 14 ముస్లిం వర్గాలకి బీసీ-ఇ కింద నాలుగు శాతం రిజర్వేషన్ ఇచ్చింది. హైకోర్టు 2010లో కొట్టేస్తే సుప్రీంకోర్టు 2010 మార్చి 25న మధ్యంతర ఉత్తర్వుతో కొనసాగించింది. షేక్, ఖురేషీ, ఫకీర్, అత్తర్ సాయిబులు, లబ్బి ఆ జాబితాలో ఉన్నారు. సయ్యద్, మొఘల్, పఠాన్ లేరు. దూదేకుల, నూర్‌బాషా వాళ్లు పాత బీసీ-బి. స్థానిక సంస్థల బీసీ సీట్లలో ఎ, బి, సి, డి, ఇ అని గీతలు లేవు, బీసీ అయితే చాలు. అంటే షేక్ కుటుంబానికి జనరల్ వార్డుతోపాటు బీసీ వార్డు కూడా తెరుచుకుంటుంది. సయ్యద్, పఠాన్ కార్యకర్తకి జనరల్ వార్డే దిక్కు. పార్టీ ఈ తేడా పట్టించుకోకుండా ‘ముస్లింలకి ఒక సీటు’ అని బీసీ వార్డు పేరు చెప్పి, పేరు పఠాన్‌ది రాస్తే పరిశీలనలో తిరస్కరణే.

అయితే పార్టీలో పేరు ఖాయమయ్యాక ధ్రువపత్రం కోసం పరుగెత్తితే ఏమవుతుందో గుంటూరు జిల్లా దుగ్గిరాల చూపించింది. 2021లో అక్కడ 18 ఎంపీటీసీల్లో తెలుగుదేశానికి తొమ్మిది వచ్చాయి. ఎంపీపీ పదవి బీసీ మహిళకి రిజర్వు. ఆ పార్టీ తరఫున అనుకున్న ముస్లిం మహిళకి బీసీ ధ్రువపత్రం అధికారులు నిరాకరించారు, విషయం హైకోర్టుకి వెళ్లింది, కో-ఆప్షన్ ఎన్నిక కోరం లేక వాయిదాలు పడింది. 2022లో పదవి చివరికి వైసీపీకి దక్కింది. తొమ్మిది మంది గెలిచినా ఒక్క కాగితం దగ్గర ఆగిపోయారు.

కాబట్టి కాగితం రిజర్వేషన్లు ప్రకటించకముందే చేతిలో ఉండాలి. సచివాలయంలో దరఖాస్తు, వీఆర్‌వో, ఆర్‌ఐ విచారణ, తహసీల్దార్ సంతకం. డెల్టాలో ఫైలు తిరిగొచ్చే కారణాలు మూడు. స్కూలు రికార్డులో కులం దగ్గర ‘ముస్లిం’ అనో ‘మహమ్మదీయులు’ అనో ఉంటుంది, ‘షేక్’ అని ఉండదు. అప్పుడు తండ్రివో అన్నదమ్ములవో పాత ధ్రువపత్రాలు జత చేయాలి. రెండోది, దూదేకుల కుటుంబాల్లో రెండు తరాల నుంచి పేరుకి ముందు షేక్ చేరింది. తాత రికార్డు బీసీ-బి, మనవడి అర్జీ బీసీ-ఇ అయితే రెండూ ఆగుతాయి. ఏది నిజమో దానికే దరఖాస్తు చేయాలి. మూడోది, పెళ్లైన మహిళకి భర్త కులం వర్తించదు, పుట్టింటి రికార్డు కావాలి. పుట్టిల్లు వేరే జిల్లా అయితే అక్కడి తహసీల్దార్ దగ్గరనుంచి రావాల్సినదానికి ఎక్కువ సమయం పడుతుంది. మహిళా వార్డుకి చివరి నిమిషంలో ‘మీ ఆవిడ పేరు రాసేద్దాం భాయ్’ అనే నాయకులకి ఇది తెలియదు.

ఒక అడ్డు మాత్రం తొలగింది. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులనే నిబంధనని 2024 నవంబర్‌లో శాసనసభ రద్దు చేసింది. ఆ నిబంధన వల్ల పక్కకి తప్పుకున్న అనుభవజ్ఞులు చాలామంది ఉన్నారు, పార్టీలు వాళ్లని మళ్లీ పిలుస్తాయో లేదో చూడాలి.

డబ్బు విషయం. ఎంపీటీసీకి డిపాజిట్ 2,500 రూపాయలు, బీసీ, ఎస్సీ, ఎస్టీలకి అందులో సగం. అది లెక్కలోకి రాని ఖర్చు. అసలు ఖర్చు ప్రచారంలో, పోలింగ్ ముందు రాత్రిలో ఉంటుంది. పార్టీ ఎంత పెడుతుందో బి-ఫారంతోపాటే తేలాలి. బి-ఫారం స్థానిక ఎన్నికల్లో ఉపసంహరణ చివరి రోజు మధ్యాహ్నం మూడు గంటల దాకా ఇవ్వొచ్చు. ఈ వెసులుబాటే ముస్లిం అభ్యర్థిని దెబ్బకొడుతుంది. నామినేషన్ రోజున ‘నువ్వే’ అంటారు, ఉపసంహరణ రోజున రెబల్‌ని బుజ్జగించడానికి ఆ కాగితం అతనికి పోతుంది. వెనక పెద్ద కులం బలం లేని అభ్యర్థి దగ్గరనుంచి లాక్కోవడం తేలిక కదా. దీనికి పూర్తి మందు లేదు. ఇంకు సంతకంతో ఉన్న అసలు ఫారాన్ని రిటర్నింగ్ అధికారికి తొందరగా అందజేసి రసీదు తీసుకుంటే, మార్చాలనుకునే వాడికి పని కొంచెం పెరుగుతుంది. అంతే. జిరాక్స్ కాపీ చెల్లదు.

పనిచేసే సైజు ఇదే. నాలుగు. మిగతా ఒకటి ఆ మూడు గంటల గడువు తినేసింది.

నరసాపురం దారి

డెల్టాలో ముస్లిం నాయకుడు పెద్ద కుర్చీ దాకా వెళ్లలేడనే మాటకి ఎదురు ఉదాహరణ నరసాపురానికి చెందిన ఎం.ఎ. షరీఫ్. ఎమ్మెల్యే కోటాలో శాసనమండలి సభ్యుడై, 2019 ఫిబ్రవరిలో మండలి ఛైర్మన్ అయ్యారు. 2020 జనవరి 22న రాజధాని బిల్లుల్ని సెలెక్ట్ కమిటీకి పంపిన నిర్ణయంతో రాష్ట్రమంతా ఆయన పేరు మారుమోగింది. ఆ నిర్ణయాన్ని మెచ్చుకున్నవారూ తిట్టినవారూ ఉన్నారు. 2021 మేలో పదవీకాలం ముగిసింది. ఇందులో గమనించాల్సింది ఒకటే: ఆయన బలం ముస్లిం ఓట్ల సంఖ్య కాదు, పార్టీ ప్రధాన సంస్థాగత నిర్మాణంలో ఏళ్ల తరబడి చేసిన పని. మండలిలో 58 మందిలో ఎమ్మెల్యేలు ఎన్నుకునే 20 సీట్లు, గవర్నర్ నామినేట్ చేసే 8 సీట్లు పూర్తిగా పార్టీ నాయకత్వం చేతిలో ఉండేవే. ఓటర్ల సంఖ్య తక్కువున్న ప్రాంతం నుంచి పైకి వెళ్లే దారి అదే. అక్కడ పేరు పరిశీలించేటప్పుడు చూసేది ఎవరు పార్టీ కార్యాలయంలో పనిచేశారు, ఎవరు కష్టకాలంలో నిలబడ్డారు అని. అలాంటి సీటు ఒక తరంలో ఒకరికి వస్తుంది కాబట్టి దాన్ని నమ్ముకుని జీవితం పెట్టమని ఎవరికీ చెప్పలేం.

ఎవరు తీసుకోవచ్చు, ఎవరు వద్దు

షాపు, ఆటో, పరుపుల కొట్టు నడుపుకుంటూ ఊళ్లో నలుగురి పనులు చేసిపెట్టాలనుకునేవారికి సెల్ పదవి పర్లేదు. అధికారుల దగ్గర కూర్చోబెట్టి మాట్లాడతారు. ఎన్నికల్లో నిలబడాలనుకునేవారు మాత్రం సెల్ అడగకండి. బూత్ బాధ్యత అడగండి. బూత్ అంటే 1,200 మంది ఓటర్లలోపు. ఆ జాబితా మీ చేతిలో ఉంటే ఇన్‌ఛార్జ్ మీ ఇంటికి వస్తాడు.

జాబితాలో చూడాల్సినవి ఇవి. ఒకే ఇంటి వాళ్లు రెండు బూత్‌లకి చీలిపోయారా, పెళ్లై వచ్చిన కోడళ్ల పేర్లు ఫారం 8తో మారాయా, గల్ఫ్‌కి వెళ్లినవారి పేరు తీసేయమని ఎవరైనా ఫారం 7 వేశారా. వార్డుల పునర్విభజన ముసాయిదా వచ్చినప్పుడు మసీదు వీధికి ఒక వైపు ఒక వార్డులో, రెండో వైపు మరో వార్డులో పడిందేమో మ్యాప్ మీద చూసి గడువులోపు అభ్యంతరం ఇవ్వాలి. 180 ఓట్లు 95గా, 85గా విడిపోతే పైన చెప్పిన లెక్క మొత్తం పోయినట్టే. అభ్యంతరం సెల్ లెటర్‌హెడ్ మీద కాదు, ఓటరుగా సొంత పేరున, డోర్ నంబర్లతో ఇస్తే కమిషనర్ తప్పనిసరిగా పరిశీలించాలి.

2021 మార్చిలో ఏర్పడిన అమలాపురం, నరసాపురం, మండపేట, రామచంద్రపురం పాలకవర్గాలకి ఐదేళ్ల గడువు 2026 మార్చి దాకా, మండల పరిషత్‌లకి 2026 సెప్టెంబర్ దాకా. భీమవరం, తణుకు, తాడేపల్లిగూడెం, పాలకొల్లు సంగతి వేరు. విలీన గ్రామాల పేచీలతో 2021లో అక్కడ ఎన్నికే జరగలేదు, 2019 నుంచి ప్రత్యేకాధికారుల పాలన. పాలకవర్గం లేనిచోట కో-ఆప్షన్ కూడా ఉండదు కాబట్టి ఆ నాలుగు పట్టణాల్లో కో-ఆప్షన్ మాటిచ్చి కండువా కప్పే నాయకుడు ఎదురైతే, ముందు ఎన్నిక తేదీ అడగండి.